పొన్నంగి పిట్ట వెళ్లే దారి: అపోహలు – వాస్తవాలు

ఫిబ్రవరి దాటి మంచు పలచబడితే అరకులో సందడి తగ్గుతుంది. సీజన్ అయిపోయిందంటారు. పక్షుల కోసం కొండెక్కేవాళ్లకు మాత్రం అప్పుడే పని మొదలవుతుంది.

అపోహ: వలస పక్షులను చూడాలంటే చలికాలంలోనే.

వాస్తవం: వచ్చినవి తిరిగి వెళ్లాలి కదా! మార్చి నుంచి మే దాకా తిరుగు ప్రయాణాల కాలం. అనంతగిరి, గాలికొండ అడవుల్లో చలికాలం గడిపిన వెర్డిటర్ ఫ్లైక్యాచర్లు హిమాలయాల వైపు మళ్లుతాయి.

అపోహ: వలస పక్షులంటే సైబీరియా నుంచి వచ్చే పెద్ద కొంగలు, గూడబాతులు.

వాస్తవం: శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గూడబాతుల గురించి ఏటా ఇదే మాట వింటాం. ఆ జాతి గూళ్లు కట్టేది దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లోనే. సైబీరియాతో దానికి పనిలేదు. నిజంగా దూరం పోయేది కాఫీ తోటల ఆకుల్లో పురుగులేరుకునే గ్రీనిష్ వార్బ్లర్. పది గ్రాములైనా తూగదు. వాటిలో కొన్ని హిమాలయాల్లో ఆగిపోతే, మరికొన్ని రష్యా అడవుల దాకా వెళతాయి.

అపోహ: పక్షులను చూడటం తెల్లవాళ్ల సరదా.

వాస్తవం: ఈ కొండల పక్షులను ఏళ్ల తరబడి పరిశీలించిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు విశాఖ మనిషి. ఇక్కడి అబ్బాట్స్ బాబ్లర్ ఉపజాతికి 1985లో ఆయన పేరే పెట్టారు. అసలు మన ‘పిట్ట’ అన్న మాటే 1816లో ఒక పక్షి ప్రజాతికి శాస్త్రీయ నామమైంది. మన పొన్నంగి పిట్ట ఆ ప్రజాతిదే.

ఆకుపచ్చ వీపు, నీలి మెరుపుల రెక్కలు, తోక కింద ఎరుపు. ఇన్ని రంగులున్నా కంటపడటం కష్టం, ఎందుకంటే పొదల నీడలో ఎండుటాకులు తిరగేస్తూ నేల మీదే తిరుగుతుంది. ఉదయం, సాయంత్రం కూస్తుందని తమిళులు ‘ఆరుమణి కురువి’ అన్నారు, అంటే ఆరుగంటల పిట్ట. దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపి, ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి సాగిపోతుంది.

అపోహ: పెరట్లో పడిన పిట్టను పంజరంలో పెంచితే పుణ్యం.

వాస్తవం: పొన్నంగి పిట్ట రాత్రిళ్లు ఎగురుతుంది. అలసిపోయి, దీపాల వెలుగుకు తికమకపడి ఇళ్లలోకి వచ్చేస్తుంది. గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటి మూల ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాయం లేకపోతే పొద్దుగూకే వేళ చెట్ల దగ్గర వదిలేయండి, ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. అడవి పక్షిని పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అపోహ: ఫోన్‌లో కూత వినిపించి పిలిస్తే నష్టమేముంది?

వాస్తవం: పోటీ పిట్ట వచ్చిందనుకుని తిండి మాని వెతుకుతుంది. ప్రయాణంలో ఉన్న పక్షికి ప్రతి పురుగూ దారిబత్తెమే.

ఈ మేలో అరకు వెళితే తెల్లవారకముందే లేచి, ఎండుటాకులు రాలిన చెట్ల కింద కదలకుండా కూర్చోండి. పొన్నంగి పిట్ట కనిపిస్తే చోటు, తేదీ పక్షుల నమోదు వెబ్‌సైట్ ఈబర్డ్‌లో రాయండి. ఫోన్ మాత్రం జేబులోనే ఉంచండి.