పసిబిడ్డ పాలు కక్కితే గ్యాస్ మందు కావాలా?

"తాగిన పాలన్నీ కక్కేస్తున్నాడు, గ్యాస్ మందు రాయండమ్మా" అని యర్రగొండపాలెం చుట్టుపక్కల పల్లెల తల్లులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. ఆ మందు ఏ బిడ్డకు అవసరమో, ఏ బిడ్డకు కాదో తెలుసుకుందాం.

పాలు ఎందుకు పైకి వస్తాయి?

అన్నవాహిక జీర్ణాశయాన్ని కలిసే చోట ఒక కండరం మూతలా పనిచేస్తుంది. పసిబిడ్డలో ఇది తరచుగా వదులవుతుంది. అందుకే పాలు పైకి వస్తాయి. నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా కనిపించి, ఏడాది, ఏడాదిన్నర వయసుకు చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. బిడ్డ హుషారుగా ఉండి బరువు పెరుగుతుంటే అది జబ్బు కాదు.

మందు ఏం చేస్తుంది?

ఒమిప్రజోల్, లాన్సోప్రజోల్ వంటి మందులు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. అంతేగాని పాలు పైకి రావడాన్ని ఆపవు. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో ఏడాదిలోపు బిడ్డలు 162 మందిలో సగం మందికి లాన్సోప్రజోల్, మిగిలినవారికి మందు లేని ఉత్త ద్రవం ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ 54 శాతం మందికి ఏడుపు తగ్గింది. మందు తాగిన గుంపులో మాత్రం ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు ఎక్కువయ్యాయి. ఆమ్లం క్రిములను చంపే కాపలాదారు. అది తగ్గితే విరేచనాలు, న్యుమోనియా వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఎవరికి అవసరం?

అన్నవాహిక పుండుపడిన పిల్లలకు, ఛాతీలో మంట, పుల్లటి త్రేపులు వదలని పెద్ద పిల్లలకు ఈ మందు మేలు చేస్తుంది. డాక్టరు బరువును బట్టి మోతాదు నిర్ణయిస్తారు. సాధారణంగా ఉదయం ఆహారానికి అరగంట ముందు, 4 నుండి 8 వారాలు ఇచ్చి మళ్ళీ పరీక్షిస్తారు. పెద్దల బిళ్ళను విరిచి, నూరి పెట్టకండి. పై పూత పోతే మందు కడుపులోని ఆమ్లానికే చెడిపోతుంది. ఇంట్లో మిగిలిన రానిటిడిన్ అసలే వద్దు. అందులో హానికర పదార్థం ఏర్పడుతోందని 2020లో అమెరికాలో దాన్ని మార్కెట్ నుండి తీసివేయించారు. 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితా నుండీ తొలగించారు.

ఇంట్లో చేయవలసినవి

• ఒకేసారి ఎక్కువ కాకుండా, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పాలు పట్టండి.
• తాగిన తరువాత 20-30 నిమిషాలు భుజాన నిటారుగా ఎత్తుకోండి.
• వెల్లకిలా, చదునైన పక్క మీదే పడుకోబెట్టండి.
• కక్కుతున్నాడని తల్లిపాలు ఆపవద్దు. పోతపాలలో ఎక్కువ నీళ్ళు కలపవద్దు.

ఆలస్యం చేయకూడని గుర్తులు

ఆకుపచ్చని లేక రక్తంతో వాంతి, ప్రతిసారీ దూరంగా చిమ్మే వాంతి, జ్వరం, కడుపు ఉబ్బరం, మూత్రం తగ్గడం, మాడు ఉబ్బడం, మగతగా ఉండడం, బరువు పెరగకపోవడం. ఇవి వేరే జబ్బులకు సూచనలు కావచ్చు. గ్యాస్ మందుతో ఒక్కరోజు కూడా పోగొట్టుకోకండి. వెంటనే బిడ్డను ఆసుపత్రికి తీసుకురండి. ముఖ్యంగా ఆకుపచ్చని వాంతి అయితే పేగు మెలిపడి ఉండవచ్చు. రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి.