తుది రాత్రికి ఎవరు రావలెను?

కవిత్వమునకు మార్కులు వేయుట తగునా, తగదా అను వాదము పాతది. దానిలోనికి మేమిప్పుడు దిగబోము. అమెరికాలో మార్కులకు మనసారా ఒప్పుకొని, నెలకొక పర్యాయము గుమికూడి, కవితలు చదివి పోటీపడు సమాజములు అనేకము కలవు. ఆ పోటీకి 'పొయెట్రీ స్లామ్' అని పేరు. అట్టి సమాజములలో వాదులాట పుట్టునది మార్కులను గూర్చి తక్కువ, అర్హతను గూర్చి ఎక్కువ. సంవత్సరము పొడుగునను సభలు జరుగును; కట్టకడపట నొక తుది రాత్రి వచ్చును. ఆ రాత్రి వేదిక నెక్కు పదిపన్నెండుగురు ఎవరు? వారిని ఏ నియమముచే ఏరవలెను? పైకి ఇది గుమాస్తా తేల్చదగిన చిన్న లెక్కవలె కనబడును. లెక్కలోనికి దిగిన పిమ్మట గాని దాని చిక్కు తెలియదు.

ముందుగా పోటీ స్వరూపమును చెప్పవలెను. 1986వ సంవత్సరము జులై నెలలో షికాగో నగరమున గ్రీన్ మిల్ అను జాజ్ సంగీతపు క్లబ్బులో దీనికి రూపము ఏర్పడినది. ఏర్పరచినవాడు మార్క్ స్మిత్. ఇండ్ల నిర్మాణపు పనులు చేసి బ్రతికిన కవి. నాటి కవితాపఠన సభలలో జీవము లేదని తలచి, ఆయన తీర్పు చెప్పు అధికారమును శ్రోతలకే అప్పగించెను. మన అష్టావధానములో సమస్య నిచ్చువాడును, నిషేధాక్షరి నడుపువాడును ఛందస్సు తెలిసిన పండితులై యుందురు. స్లామ్ లో అట్లు కాదు. సభకు వచ్చినవారిలో నుండి ఐదుగురిని అప్పటికప్పుడు ఎన్నుకొని, చేతికి అట్టలు ఇత్తురు. వారు బడిపంతుళ్లు కావచ్చును, బస్సు డ్రైవర్లు కావచ్చును. పోటీదారులకు చుట్టములు, స్నేహితులు కాకుండిన చాలును.

ప్రతి న్యాయనిర్ణేతయు సున్న మొదలు పది వరకు, దశాంశముతో సహా, మార్కు వేయును. ఐదింటిలో అన్నిటికంటె పెద్దదానిని, అన్నిటికంటె చిన్నదానిని కొట్టివేసి, మిగిలిన మూడింటిని కలుపుదురు. ఒక కవికి 8.1, 8.4, 9.0, 7.2, 8.7 వచ్చినవనుకొందము. 9.0, 7.2 పోగా మొత్తము 25.2 అగును. ముప్పది దాటుటకు వీలు లేదు. కవిత స్వంతమై యుండవలెను. వేషము, వాద్యము, చేతిలో వస్తువు పనికిరావు. కాలము మూడు నిమిషములు. ఆపైన పది సెకనుల ఓరిమి యున్నది. అదియు దాటినచో ప్రతి పది సెకనులకు అర మార్కు చొప్పున కోత. రేడియోలో పనిచేయు మాకు ఈ నియమము మిక్కిలి ప్రియమైనది. స్టూడియో గడియారమును చూపి పద్యము నడుమ ఆపించినందుకు మాపై అలిగిన కవులు లేకపోలేదు. అలిగినవారిని ఓదార్చుటకు పది సెకనుల ఓరిమి మావద్ద లేదు.

ఈ ఏర్పాటులో ఒక సహజమైన లోపము కలదు. రాత్రి గడచినకొలది మార్కులు పెరుగును. మొదటి కవికి ఏడున్నర వేసి సరిపుచ్చినవారే, సభ వేడెక్కిన పిమ్మట, అంతటి కవితకే తొమ్మిది వేయుదురు. ఎవరును మోసము చేయలేదు. మనుష్య స్వభావమే అట్టిది. అందుచేత వరుసను చీటీలు తీసి నిర్ణయింతురు. పోటీలో లేని యొక కవిచే ముందుగా చదివించి న్యాయనిర్ణేతల చేయి కుదుర్చుదురు. ఆ కవిని వారు పరిహాసముగా 'బలి కవి' అందురు. రెండవ ఆవృత్తిలో వరుసను తలక్రిందులు చేయుటయు కలదు. ఒక రాత్రిలోపల జరుగు అన్యాయమునకు ఇవి చాలవరకు మందు. రాత్రికిని రాత్రికిని నడుమ జరుగు అన్యాయమునకు మాత్రము ఇవి మందు కావు. అర్హత తగవు ఇక్కడనే మొదలగుచున్నది.

తుది రాత్రికి చేరుట అంత గొప్పయా అని చదువరులు అడుగవచ్చును. 1990లో న్యూయార్కు నగరమున న్యూయోరికన్ పోయెట్స్ కేఫ్ వారి మొదటి మహా స్లామ్ లో పాల్ బీటీ అను యువకుడు గెలిచెను. బహుమానములలో ఒకటి ఆయన కవితలను గ్రంథముగా అచ్చువేయుట. ఆ యువకుడే తరువాత నవలా రచయితయై 2016లో బుకర్ బహుమతి పొందెను. అమెరికా రచయితకు ఆ బహుమతి వచ్చుట అదియే మొదలు. తుది వేదిక దక్కకున్నచో ఆయన రచయిత కాకపోయెడివాడని మేమనము. కాని మొదటి పుస్తకమునకు దారి ఆ వేదిక మీదుగా సాగినది. అదే 1990లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జాతీయ పోటీ ప్రారంభమైనది. నాటినుండి ఊరి పోటీలో తేలినవారు జట్టుగా కూడి ఊరి పేరు మోసికొని ఆ పోటీకి పోవుచుండిరి. ఆ పోటీ చివరిసారి 2018లో షికాగోలో జరిగినది; నడపిన సంస్థయు మూతపడినది. పెద్ద పోటీ యున్నప్పుడు దాని నియమావళి ఊళ్లకు కొంత ఆధారముగా నుండెను. ఇప్పుడు ఏ ఊరివారు తమ నియమమును తామే వ్రాసికొనవలసి యున్నది.

ఒక చిన్న పట్టణపు గ్రంథాలయములో నెలకొకటి చొప్పున ఎనిమిది రాత్రులు పోటీ జరుగుననియు, తుది రాత్రికి పన్నెండు స్థానములు కలవనియు ఊహింతము. ఎనిమిది రాత్రుల మార్కులను పట్టికలో వేసి, హెచ్చు మొత్తములు వచ్చిన పన్నెండుగురిని పిలువుడని కొందరందురు. ఇది మిక్కిలి సూటియైన దారి. మిక్కిలి తప్పుడు దారియు నిదియే. మొదట చెప్పిన కవికి ఒక కఠినమైన రాత్రి 25.2 వచ్చి, ప్రథమస్థానము దక్కినదనుకొనుడు. మరియొక నెలలో ఉదారులైన ఐదుగురు న్యాయనిర్ణేతలు కూర్చుండిరి. నాలుగవ స్థానము పొందిన కవికే 27.4 వచ్చినది. పట్టికలో ఓడినవాడు గెలిచినవానికి పైన నుండును. రెండు ఊళ్ల కుంచములు వేరైనప్పుడు, ఎన్ని కుంచములని లెక్కించి ధాన్యమును పోల్చరాదు గదా. కనుక మార్కు ఆ రాత్రికే చెల్లవలెను. మరుసటి నెలకు పోవలసినది స్థానము మాత్రమే. జాతీయ పోటీలో సైతము మొదట చూచునది ఆ సభలో జట్టు పొందిన స్థానమునే. మొత్తపు మార్కులను సమానమైనప్పుడు చూచెడివారు.

స్థానములను లెక్కించుటలోను చిక్కు లేకపోలేదు. వానపడిన రాత్రి నలుగురే వచ్చినచో మువ్వురిని మించినవాడు ప్రథముడు. నిండుసభలో పన్నెండుగురుండగా రెండవవాడు పదిమందిని మించినవాడు. ఎంతమందిని మించిరో అంత విలువ యియ్యవలెనని కొందరి సూచన. లెక్కకు అది బాగుగనే యున్నది. ఆచరణలో అందరును పెద్ద రాత్రులకే ఎగబడి, చిన్న రాత్రులు బోసిపోవును. సమాజము బ్రతుకునది చిన్న రాత్రులయందు.

ఇక హాజరు. నెలనెలా వచ్చి కుర్చీలు వేసి, ఇతరుల కవితలు విని, తాను ఆరవ స్థానముతో ఇంటికి పోవువాడొకడు. పొరుగూరినుండి ఒకే రాత్రి వచ్చి, నలుబది సభలలో అరగదీసిన మూడు నిమిషముల కవితను చదివి, గెలిచి పోవువాడొకడు. మొదటివానికి కడుపుమంట కలుగుట సహజము. అందుకే కొన్ని సమాజములు ఇన్ని రాత్రులు పోటీచేసినగాని అర్హత లేదని విధించుచున్నవి. నియమము న్యాయముగనే తోచును. కాని రాత్రి పాళీలో పనిచేయు నర్సు ఎనిమిదింటిలో ఆరు రాత్రులు ఎట్లు రాగలదు? పసిబిడ్డను ఇంట విడిచి రావలసిన తల్లి సంగతి ఏమి? హాజరుపట్టీ తీరిక గలవారికి మార్కులు వేయును, కవిత్వమునకు వేయదు. పొరుగూరివానిని ఆపుటకు వేసిన కంచె ఊరివారిలో బీదవారినే ఆపుచున్నది.

మా అభిప్రాయమును దాచవలసిన పని లేదు. ప్రతి రాత్రి ప్రథమునికి ఒక స్థానము నిచ్చుటయే మేలు. ఎనిమిది రాత్రులకు ఎనిమిది స్థానములు తీరును. ఒకసారి అర్హత పొందినవారు తరువాతి నెలలలో పోటీకి వెలుపల చదువవలెను. బలి కవిని వెదకికొను శ్రమయు తప్పును. అప్పుడు ప్రతి నెలయు క్రొత్తవారికి దారి తెరచియుండును. ఒకే వ్యక్తి మూడు నెలలు గెలిచి తక్కినవారిని నిరుత్సాహపరచుటయు ఉండదు. మిగిలిన నాలుగు స్థానములకు తుది రాత్రికి ముందు ఒక కడపటి అవకాశపు పోటీ జరుపవచ్చును. ఆరవ స్థానముతో ఇంటికి పోవు మన విశ్వాసపాత్రుడు అక్కడ ఇంకొకమారు అదృష్టమును పరీక్షించుకొనును. హాజరు విషయమున, ఎనిమిదింటిలో ఏ రెండు రాత్రులైనను సభలో నుండుట చాలును. పోటీ చేయనక్కరలేదు, గడియారము పట్టినను, మార్కులు కూడినను, ఊరక విన్నను లెక్కయే. వారము మారిన నర్సుకు వీలుచిక్కును గనుక, సభలను ఎల్లప్పుడు ఒకే వారమున పెట్టకుండుట మంచిది.

పొరుగూరివారిని గూర్చి మేము ఉదారముగనే ఉందుము. ఊరి పేర మరియొక పోటీకి జట్టును పంపునట్లయిన, అందులో నుండువారు ఊరివారు కావలెననుట సబబు. తమ తుది రాత్రికి మాత్రము అట్టి అడ్డు అనవసరము. రెండు రాత్రులు వచ్చి విన్నవాడు పరాయివాడెట్లు?

నియమము వ్రాయువారు ఆ సంవత్సరము పోటీ చేయరాదు. ఈ మాట చెప్పినప్పుడు నిర్వాహకులు నొచ్చుకొందురు, వారిలో సగముమంది కవులే గనుక. మొదటి రాత్రి చీటీలు తీయకమునుపే నియమములను గోడమీద అంటించి, పైకి చదివి వినిపించవలెను. నడుమ లోపము బయటపడినను ఆ సంవత్సరము మార్చరాదు. మార్పు వచ్చు సంవత్సరమునకు చెల్లును. ఏలయన ఐదవ నెలలో చేయు ఏ సవరణయైనను, అప్పటికే ముందున్న యెవరినో వెనుకకు నెట్టును. ఆ పేరు సభలో అందరికిని తెలిసియే యుండును.

సమానమైన మార్కుల సంగతి యొకటి మిగిలినది. కొట్టివేసిన రెండు మార్కులను తిరిగి చేర్చి చూడవచ్చును. అప్పటికిని తేలనిచో నాణెము ఎగురవేయుటకంటె ఇద్దరిని పిలుచుట సులువు. పదమూడవ కవికి పట్టునది మూడు నిమిషములే. గ్రంథాలయపు కాపలాదారును అంతమాత్రము ఆగుమని అడుగవచ్చును.