ఎక్కిన బస్సుకు తనిఖీ వుంది, రాని బస్సుకో?

జూలూరుపాడు: 2021 సెప్టెంబరు 15, బుధవారం. హైదరాబాదు లక్డీకాపూల్ స్టాపులో ఒక పెద్దమనిషి సిటీ బస్సెక్కాడు. టికెట్టు కొన్నాడు. పక్కనున్న ప్రయాణీకులను పలకరించాడు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో, అంటే మనవాళ్ళు ఇమ్లీబన్ అనే చోట, దిగాడు. అక్కడ ప్లాట్‌ఫారాలు చూశాడు, మరుగుదొడ్లు చూశాడు, పార్కింగులో ఏళ్ళ తరబడి పడివున్న పాత వాహనాలు చూశాడు. ఆ తర్వాత గాని తెలియలేదు, ఆయన పన్నెండు రోజుల క్రితమే ఆర్.టి.సి. మేనేజింగ్ డైరెక్టరుగా బాధ్యతలు తీసుకున్న వి.సి. సజ్జనార్ అని. పాత వాహనాలు తీసివేయాలని, బస్ స్టేషన్ శుభ్రంగా వుంచాలని అప్పటికప్పుడే ఆదేశాలు వెళ్ళాయి. మర్నాడు పత్రికలన్నిటా ఇదే వార్త.

మన జిల్లా వాళ్ళకు మారువేషం కథలు కొత్త కాదు. భద్రాచలం రాముడే రామోజీగా, లక్ష్మణుడు లక్ష్మోజీగా వేషాలు మార్చుకొని గోల్కొండ వెళ్ళి, పాల్వంచ పరగణా తాసీల్దారు కంచర్ల గోపన్న బాకీ తానీషాకు చెల్లించి వచ్చారని చిన్నప్పటి నుంచి వింటూనే వున్నాం. వేషం వేసుకున్న పెద్దవాళ్ళు ఎక్కడికి వెళ్తే అక్కడ పని జరుగుతుందని మనకు గట్టి నమ్మకం. అయితే రామోజీ వెళ్ళింది గోల్కొండకు. యం.డి. ఎక్కింది సిటీ బస్సు. ఇక్కడి నుంచి కొత్తగూడేనికో, ఖమ్మానికో, లోపలి వూళ్ళకో పోయే పల్లె వెలుగు బస్సును గుట్టుగా పరీక్షించేదెవరన్నది మన ప్రశ్న.

తనిఖీ లేక కాదు

ఆర్.టి.సి.లో తనిఖీలు లేవనుకుంటే పొరపాటు. చెకింగ్ స్క్వాడు మనకు బాగా తెలిసిందే. దారి మధ్యలో చెయ్యెత్తి బస్సు ఆపుతారు. ఒకరు ముందు నుంచి, ఒకరు వెనుక నుంచి ఎక్కుతారు. టికెట్లు చూపించమంటారు. తలలు లెక్కిస్తారు. కండక్టరు దగ్గరున్న ఎస్.ఆర్. కాగితం, టిమ్ మిషను, సంచీలోని డబ్బు మూడూ సరిపోయాయో లేదో చూస్తారు. డ్యూటీ ఎక్కేముందు సొంత డబ్బు జేబులో ఎంత వుందో కండక్టరు రాసివ్వాల్సిందే. పది రూపాయలు ఎక్కువున్నా సంజాయిషీ, తక్కువున్నా సంజాయిషీ. ఒక ప్రయాణీకుడు టికెట్టు తీసుకోకుండా దొరికితే కండక్టరు ఉద్యోగానికే ముప్పు వచ్చిన రోజులున్నాయి.

2019 అక్టోబరు 5న మొదలై 52 రోజులు సాగిన సమ్మె తర్వాత, డిసెంబరు 1న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కార్మికులతో సమావేశమై, ప్రయాణీకుడు టికెట్టు కొనకపోతే జరిమానా ప్రయాణీకుడికే గాని కండక్టరుకు శిక్ష వుండదని ప్రకటించారు. సమ్మెలో సంపాదించుకున్నది అదొక్కటేనా అని కార్మికులు అడగవచ్చు గాక, అది న్యాయమైన మాటే. తప్పు ఒకడిది, దండన మరొకడికి అయితే అది తనిఖీ అనిపించుకోదు.

ఇంత తనిఖీలోనూ చూసేదంతా టికెట్టు. అంటే సంస్థకు రావలసిన డబ్బు. ప్రయాణీకుడికి దక్కవలసింది దక్కిందో లేదో ఎస్.ఆర్. కాగితం మీద వుండదు. స్టాపులో చేతులెత్తిన ముగ్గురు ఆడవాళ్ళను వదిలేసి బస్సు వెళ్ళిపోయిందనుకోండి. వాళ్ళు ఎక్కలేదు కాబట్టి టికెట్టు లేదు. టికెట్టు లేదు కాబట్టి లెక్క లేదు. లెక్కలో అంతా సవ్యంగానే వుంటుంది.

డ్రైవరుకు కొలత డీజిలు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నది డిపోలో చూస్తారు. కండక్టరుకు కొలత కలెక్షను. ట్రిప్పుకు కొలత ఓ.ఆర్., అంటే వున్న సీట్లకు ఎంతమంది కూర్చున్నారన్న నిష్పత్తి. ఈ మూడు కొలతల్లోనూ ‘ముసలమ్మ దిగేదాకా ఆగాడా’ అన్న గడి లేదు. మాటిమాటికి ఆగితే డీజిలు ఖర్చు, ఆలస్యం. దేనికి మార్కులు వేస్తారో మనిషి దాని మీదే మనసు పెడతాడు. ఇందులో సిబ్బందిని మాత్రమే తప్పుపట్టి లాభం లేదు.

మారువేషపు తనిఖీ విలువ ఇక్కడే. యూనిఫారం వేసుకొని వచ్చేవాడికి కనపడని సంగతులు సామాన్యుడిలా కూర్చున్నవాడికి కనపడతాయి. కండక్టరు చిల్లర టికెట్టు వెనుక రాసిచ్చి దిగేటప్పుడు ఇచ్చాడా, మరచిపోయాడా? సీటు రేకు లేచివుంటే చీర చిరుగుతోందా? వాన పడితే కిటికీ అద్దం జరుగుతుందా? స్టాపు దగ్గర ఆగిందా, యాభై గజాలు దాటి ఆగి జనాన్ని పరుగెత్తించిందా? ఇవన్నీ చిన్న సంగతులే. రోజూ ప్రయాణం చేసేవాడికి ప్రయాణమంటే ఇవే.

రైతు వేషం వేసిన అధికారి

వేషం మార్చితే ఏం బయటపడుతుందో చెప్పడానికి బస్సును వదిలి కాస్త పక్కకు పోవాలి. పత్తి, మిరప వేసే మన రైతులకు ఇది బస్సు కన్నా దగ్గరి సంగతి.

2021 ఆగస్టులో విజయవాడ సబ్ కలెక్టరు జి. సూర్యసాయి ప్రవీణ్‌చంద్ రైతులా వేషం మార్చుకొని కైకలూరు, ముదినేపల్లి ప్రాంతాల్లో ఎరువుల దుకాణాలకు వెళ్ళారు. ఒక దుకాణంలో సరుకు లేదన్నారు. తర్వాత చూస్తే సరుకు వుంది. మరోచోట వున్న ధర కన్నా ఎక్కువ తీసుకొని బిల్లు ఇవ్వలేదు. దుకాణాలు సీజు చేశారు. జీపు దిగి డవాలీ బంట్రోతుతో లోపలికి పోయివుంటే ఆయనకు కుర్చీ వేసేవారు, టీ తెప్పించేవారు, స్టాకు రిజిస్టరు కూడా చక్కగా చూపించేవారు. ‘లేదు పో’ అన్న మాట ఆయన చెవిన పడేది కాదు. అధికారికి వినపడని మాట రైతుకు ప్రతి పంటకాలంలోనూ వినపడుతూనే వుంటుంది.

అయితే ఒక్కరోజు వేషం ఒక్కరోజు వార్తే అవుతుంది. యం.డి. ఎక్కిన బస్సు ఒకటి. ఆ రోజు రోడ్డు మీదున్న బస్సులు వేలు. మర్నాటి నుంచి ప్రతి కొత్త ముఖాన్నీ కండక్టర్లు అనుమానంగా చూసి మర్యాదగా మాట్లాడి వుంటే అది కూడా లాభమే గాని, ఎన్నాళ్ళు?

దీన్నే పద్ధతి ప్రకారం చేసే వూళ్ళున్నాయి. లండన్‌లో బస్సులు నడిపేది ప్రైవేటు కంపెనీలు. రూట్లు టెండరు మీద ఇచ్చేది అక్కడి రవాణా సంస్థ. 2001 నుంచి ఆ ఒప్పందాల్లో ఒక షరతు పెట్టారు: బస్సులు నమ్మకంగా నడిపితే బోనసు, నడపకపోతే కోత. సామాన్య ప్రయాణీకుల్లా ఎక్కి బస్సు శుభ్రత, డ్రైవరు నడిపే తీరు చూసి మార్కులు వేసే మనుషులు విడిగా వున్నారు. వాళ్ళెవరో డ్రైవరుకు తెలియదు. ఒక్క ప్రయాణం మీద తీర్పు చెప్పరు. రకరకాల వేళల్లో చేసిన ఎన్నో ప్రయాణాల లెక్క కలిపి చూస్తారు.

అక్కడ మనం గమనించవలసింది వేషం కాదు, కొలత. గంటకు అయిదు, అంతకు మించి బస్సులున్న రూట్లలో జనం అదనంగా ఎన్ని నిమిషాలు వేచి వున్నారన్నది కొలుస్తారు. బస్సులు తక్కువున్న రూట్లలో టైం టేబులు చూస్తారు. రెండున్నర నిమిషాల కన్నా ముందు పోయినా, అయిదు నిమిషాల కన్నా ఆలస్యమైనా టైముకు వచ్చినట్టు కాదు. ముందు పోవడమూ తప్పే! మన దగ్గర ఏడింటి బస్సు ఆరు యాభైకే వెళ్ళిపోతే ‘బస్సు వచ్చింది, మీరే లేరు’ అంటారు.

మన ఆర్.టి.సి.లోనూ అద్దె బస్సులు చాలాకాలంగా వున్నాయి. బస్సు, డ్రైవరు యజమానివి, కండక్టరు సంస్థవాడు. యజమానికి కిలోమీటరు లెక్కన సొమ్ము ముడుతుంది. ఆ సొమ్ములో కొంత భాగం ప్రయాణీకుడు వేసే మార్కులకు ముడిపెడితే ఎలా వుంటుందో ఆలోచించవలసింది అధికారులు.

పల్లెలో వేషం పారదు

సిటీ బస్సులో ఎవరికెవరు? అందుకే అక్కడ వేషం చెల్లుతుంది. జూలూరుపాడు నుంచి పాపకొల్లు వైపో, గుండెపూడి వైపో పోయే బస్సులో ఒక కొత్త మనిషి కూర్చుంటే మూడో స్టాపు రాకముందే ‘ఎవరింటికి బాబూ?’ అని అడుగుతారు. చెప్పకపోతే పక్కవాళ్ళు ఊహించి చెబుతారు. ఎంత గొప్ప అధికారి అయినా మన బస్సులో గుట్టుగా పది కిలోమీటర్లు పోలేడు.

అదొక ఇబ్బంది. అసలు ఇబ్బంది ఇంకోటుంది. వేషం వేసినవాడు చూడగలిగేది తాను ఎక్కిన బస్సును. రాని బస్సును ఏ వేషంలోనూ ఎక్కలేడు. తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం పోయే పెద్ద రోడ్డు మీదున్న వూరికి ఒక బస్సు తప్పితే మరొకటి వస్తుంది. రోడ్డు వదిలి లోపలికి పోయే వూరికి రోజుకు రెండు ట్రిప్పులుంటే అందులో ఒకటి రాకపోవడమంటే సగం సర్వీసు పోయినట్టు. పొద్దుటి బస్సు రాకపోతే పిల్లలకు మొదటి పీరియడు పోతుంది. సాయంత్రం బస్సు రాకపోతే ఆడపిల్లను చీకట్లో ఆటో ఎక్కించడానికి భయపడి, నాలుగుసార్లు అలా జరిగాక, చదువు చాలనే తల్లిదండ్రులున్నారు.

ఈ విషయంలో రంగారెడ్డి జిల్లా మంచాల మండలంలో జరిగింది చెప్పుకోవాలి. కరోనాకు ఆగిపోయిన బస్సు తర్వాత మళ్ళీ రాలేదు. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, తాము బడికి పోవడానికి ఆటోలకు డబ్బు పెట్టుకోలేకపోతున్నామని నేరుగా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాసింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ఆ సంగతి ఆర్.టి.సి. యం.డి. దృష్టికి తెచ్చారు. 2021 నవంబరులో బస్సు తిరిగి వచ్చింది. యం.డి. బస్సెక్కిన రెండు నెలలకే ఇది జరిగింది. సిటీ బస్సులో కూర్చుంటే తెలియని సంగతి ఒక ఉత్తరం తెలియజెప్పింది. ఒక పల్లెకు రెండు ట్రిప్పులు రావడానికి ఢిల్లీ దాకా పోవలసి రావడం మాత్రం మెచ్చుకోదగ్గ ఏర్పాటేమీ కాదు.

ఆ తర్వాత 2023 మే నుంచి ‘విలేజ్ బస్ ఆఫీసర్’ అనే ఏర్పాటు తెచ్చారు. సిబ్బందిలోనే కొందరికి వూళ్ళు అప్పగించి, గ్రామస్థులతో మాట్లాడి బస్సుల కష్టనష్టాలు డిపోకు చెప్పమన్నారు. ఆలోచన మంచిది. వేషంతో పనిలేని తనిఖీ అది. మీ వూరికి వచ్చిన ఆ ఉద్యోగి ఎవరో, ఎన్నిసార్లు వచ్చారో గ్రామంలో పదిమందిని అడిగి చూడండి. వచ్చిన జవాబే ఆ పథకానికి మార్కులు.

ఉచితమైతే అడగకూడదా?

2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకు మహాలక్ష్మి పథకం కింద ఉచిత ప్రయాణం వచ్చింది. ఆధార్ కార్డు వంటిది చూపితే కండక్టరు జీరో టికెట్టు ఇస్తాడు. బస్సులు కిటకిటలాడడం మొదలైంది. ‘ఊరికే ఎక్కుతారు, మళ్ళీ సీటు కావాలా’ అనే మాట కూడా బస్సుల్లో మొదలైంది. ఆ మాట అనేవాళ్ళు ఒక సంగతి మరచిపోతున్నారు. జీరో టికెట్టుకు డబ్బు లేకపోలేదు, ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. అందుకే గదా ప్రతి టికెట్టూ మిషనులో కొట్టించుకొని లెక్క పెడుతున్నారు. జీరో టికెట్టు చేతిలో వున్న కూలిమనిషికీ, డబ్బిచ్చి ఎక్కిన వ్యాపారికీ స్టాపులో బస్సు ఒకేలా ఆగాలి. ఒకప్పుడు బస్సుల మీద ‘చెయ్యెత్తిన చోట ఆపబడును’ అని రాసుకున్న సంస్థ ఇది. ఈ ఒక్కటి పరీక్షించడానికైనా, కూలికి పోయే వేషంలో ఒక మహిళా అధికారి పత్తి తీతల కాలంలో రోడ్డు పక్కన నిలబడితే బాగుంటుంది. ఎన్ని బస్సులు ఆగాయో, ఎన్ని ఆగలేదో రాసుకుంటే చాలు, లోపలికి ఎక్కనైనా అక్కరలేదు.

సజ్జనార్‌కు 2025 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసు కమిషనరుగా బదిలీ అయింది. ఆయన స్థానంలో వై. నాగిరెడ్డి వచ్చారు. అధికారులు మారుతుంటారు. పొద్దుటి బస్సు వచ్చిందా లేదా అన్నది మాత్రం వూళ్ళో రోజూ ఎవరో ఒకరు చూస్తూనే వుంటారు. చూసింది రాసిపెట్టే అలవాటే లేదు. బస్సు ఎక్కినవాళ్ళ దగ్గర టికెట్టు వుంటుంది, దాని మీద డిపో పేరు, తేదీ, టైము వుంటాయి. పారేయకుండా దాచుకుంటే ఫిర్యాదుకు అదే ఆధారం. రాని బస్సుకు టికెట్టు వుండదు గనుక దానికి నోటుబుక్కు కావాలి. బడిపిల్లల్లో ఒకరు తేదీ వేసి, రావలసిన టైము, వచ్చిన టైము, రాకపోతే ‘రాలేదు’ అని నెల రోజులు రాస్తే చాలు. డిపో మేనేజర్లు ఫోనులో ప్రజల మాట వినే ‘డయల్ యువర్ డి.ఎం.’ కార్యక్రమం అప్పుడప్పుడు జరుగుతుంటుంది. ‘మా వూరికి బస్సు సరిగా రావడం లేదండీ’ అంటే ‘చూస్తాం’ అంటారు. ఫలానా నెలలో ఫలానా తేదీల్లో పొద్దుటి బస్సు తొమ్మిదిసార్లు రాలేదని చదివి వినిపిస్తే అవతల కూడా కాగితం, పెన్ను తీయక తప్పదు.