ఫైటింగ్ వీడియో గేముల్లో సందిగ్ధ జంప్ దాడులు – రక్షణ మార్గాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ద్వంద్వయుద్ధ ప్రధానమైన వీడియో గేముల్లో ప్రత్యర్థి పైకెగిరి చేసే దాడి ముందువైపు తగులుతుందో, వెనకవైపు తగులుతుందో తెలియని స్థితి తరచుగా ఏర్పడుతుంది. ఈ దాడికి గురై ఓడినవారు తమ చేతివేగం చాలలేదని భావించడం పరిపాటి. ఈ వ్యాసం ఆ భావనను పరీక్షిస్తుంది. భారతీయ అలంకారశాస్త్రంలోని సందేహ, భ్రాంతి భేదాలను వర్గీకరణ సాధనాలుగా స్వీకరించి, జంప్ దాడుల్లోని సందిగ్ధతను మూడు రకాలుగా విభజిస్తుంది. ఒక్కొక్క రకానికి తగిన రక్షణ వేరని, అది చేతివేగం కంటే సందిగ్ధత స్వభావాన్ని గుర్తించడంపై ఆధారపడి ఉందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఫైటింగ్ గేమ్, జంప్ దాడి, క్రాసప్, బ్లాక్, ఫ్రేమ్, సందేహం, భ్రాంతి.

1. ఉపోద్ఘాతం:

జపాన్‌కు చెందిన కాప్‌కామ్ సంస్థ 1991లో ఆర్కేడ్ యంత్రాల కోసం విడుదల చేసిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’తో ఫైటింగ్ గేముల స్వరూపం స్థిరపడింది. ఇద్దరు ఆటగాళ్లు ఒకే తెరపై ఎదురెదురుగా నిలిచి, చెరొక పాత్రను నడిపిస్తూ, ప్రత్యర్థి ప్రాణశక్తిని హరించడం ఈ ఆటల సారాంశం. 2022 డిసెంబరులో భారత ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడోత్సవాల్లో భాగంగా గుర్తించింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడల్లో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ పతకాంశంగా నిలిచింది. కాబట్టి ఈ ఆటలను కేవలం కాలక్షేపంగా భావించి విడిచిపెట్టడానికి వీలులేదు. వీటిలోని నిర్ణయ ప్రక్రియను శాస్త్రీయంగా వివరించవలసిన అవసరం ఉంది.

ఈ ఆటల్లో కొత్తవారిని ఎక్కువగా నిరుత్సాహపరిచేది క్రాసప్. ప్రత్యర్థి ఎగిరి, తల మీదుగా దాటుతూ, వెనకవైపు నుంచి కొట్టే దాడికి ఆటగాళ్లు పెట్టుకున్న పేరిది. చూస్తూ ఉండగానే, బ్లాక్ చేస్తూ ఉండగానే దెబ్బ తగులుతుంది. ‘సరిగానే ఆపాను కదా, ఎందుకు తగిలింది?’ అనే ప్రశ్నకు సమాధానం దొరకనివారు తమకు ఈ ఆట చేతకాదని నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయం ఎంతవరకు సమంజసమో తేలాలంటే ముందుగా బ్లాక్ నియమాన్ని పరిశీలించాలి.

2. బ్లాక్ నియమం – సందిగ్ధతకు మూలం:

స్ట్రీట్ ఫైటర్ సంప్రదాయంలో బ్లాక్ చేయడానికి ప్రత్యేకమైన బటన్ లేదు. ప్రత్యర్థికి వ్యతిరేక దిశలో జాయ్‌స్టిక్‌ను నొక్కి పట్టుకోవడమే బ్లాక్. ప్రత్యర్థి కుడివైపు ఉంటే ఎడమకు నొక్కాలి. అతడు తల మీదుగా దాటి ఎడమవైపుకు చేరిన క్షణంలో అదే ఎడమ దిశ ‘ముందుకు నడవడం’గా మారుతుంది. ఆటగాడి చేయి కదలలేదు, కాని ఆ చేష్టకు అర్థం మారింది. దెబ్బ తగలడానికి కారణం ఇదే.

దీనికి ఎత్తుకు సంబంధించిన నియమం కూడా తోడవుతుంది. జంప్ దాడులను సాధారణంగా నిలబడే బ్లాక్ చేయాలి, కాళ్ల మీద కొట్టే దాడులను కూర్చొని బ్లాక్ చేయాలి. అందువల్ల దాడి చేసేవాడు జంప్ చేసి, గాల్లో ఏమీ కొట్టకుండా నేలకు దిగి, వెంటనే కాలిపై తన్నవచ్చు. దానినే ‘ఖాళీ జంప్’ అంటారు. దిగీదిగగానే పట్టుకొని విసిరే ‘త్రో’ను ప్రయోగించే వీలు కూడా ఉంది. త్రోను బ్లాక్ ఆపలేదు. కాబట్టి ఒక్క జంప్‌లో ముందా వెనకా, పైనా కిందా, దెబ్బా పట్టా అనే మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి.

1992లో వెలువడిన ‘మోర్టల్ కొంబాట్’లో బ్లాక్‌కు ప్రత్యేక బటన్ ఉంది. అందువల్ల ఆ ఆటలో ప్రత్యర్థి ఏ వైపు దిగినా బ్లాక్ దిశ మారడమనే సమస్య తలెత్తదు. దీనిని బట్టి సందిగ్ధత జంప్ చేయడం వల్ల సహజంగా పుట్టినది కాదని, బ్లాక్‌ను దిశతో ముడిపెట్టిన నియమం నుంచి పుట్టినదని స్పష్టమవుతుంది.

3. కాలప్రమాణం – చేతివేగం పాత్ర:

ఈ ఆటలు సాధారణంగా సెకనుకు 60 ఫ్రేముల చొప్పున నడుస్తాయి. అంటే ఒక ఫ్రేము నిడివి సుమారు 16.7 మిల్లీసెకన్లు. కంటికి కనిపించిన ఒక సాధారణ సంకేతానికి మనిషి స్పందించడానికి దాదాపు 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేములు పడుతుంది. రెండు మూడు ప్రత్యామ్నాయాల్లో ఒకదానిని ఎంచుకోవలసి వస్తే అంతకంటే ఎక్కువ కాలం కావాలి.

స్ట్రీట్ ఫైటర్‌లో ఒక పూర్తి జంప్ సుమారు 40 ఫ్రేములు సాగుతుంది. కాబట్టి జంప్‌ను మొదట్లోనే గుర్తించినవారికి స్పందించే వ్యవధి ఉంటుంది. కాని ఏ వైపు తగులుతుందనే విషయం చివరి కొన్ని ఫ్రేముల్లో మాత్రమే తేలే జంప్‌కు ఎంత చురుకైనవారూ చూసి స్పందించలేరు. అంటే కొన్ని జంప్ దాడులు వేగానికి లొంగుతాయి, కొన్ని లొంగవు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ‘నా చేయి నిదానం’ అనే అపోహ కలుగుతోంది.

4. సందిగ్ధత – మూడు రకాలు:

రెండు వస్తువుల మధ్య బుద్ధి ఊగిసలాడితే సందేహమని, ఒకదానిని మరొకటిగా నిశ్చయించుకుంటే భ్రాంతి అని ఆలంకారికులు వేరుచేశారు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో సందేహాన్ని శుద్ధం, నిశ్చయగర్భం, నిశ్చయాంతం అని మూడు విధాలుగా విభజించాడు. చివరిదాకా తీరనిది శుద్ధం. చివరకు తీరేది నిశ్చయాంతం. ఈ భేదాలు కావ్యవిషయకాలే అయినా, బుద్ధి తడబడే తీరును వివరించేవి కావడం వల్ల ప్రస్తుత విషయానికి ఉపకరిస్తాయి.

4.1 నిశ్చయాంత సందేహం:

ఇద్దరూ నిలబడి ఉన్న స్థితిలో ప్రత్యర్థి దూరం నుంచి ఎగిరితే మొదట సందేహం కలిగినా, అతడు శిఖరస్థానానికి చేరి దిగడం మొదలుపెట్టేసరికి ఎక్కడ దిగుతాడో తేలుతుంది. ఇక్కడ రక్షణ చూపుతో సాధ్యం. జంప్ దాడిని నేల మీది నుంచే కొట్టి పడగొట్టడం ఉత్తమ మార్గం. ర్యూ, కెన్ పాత్రల షోర్యూకెన్, కూర్చొని కొట్టే బలమైన గుద్దు ఇందుకు ప్రసిద్ధాలు.

అయితే షోర్యూకెన్‌కు ‘ముందుకు, కిందికి, ముందు-కిందికి’ అనే దిశాక్రమం కావాలి. ప్రత్యర్థి దాటిపోతే ముందు వెనకవుతుంది, ఆ క్రమం చెడుతుంది. అందుకే దాటకముందే కొట్టాలి, లేదా కొట్టే ప్రయత్నాన్ని విరమించి బ్లాక్ చేయాలి. గైల్ వంటి పాత్రల విషయంలో ఇది మరింత స్పష్టం. వెనకకు నొక్కి కూడబెట్టిన శక్తి వైపు మారగానే పోతుంది. కిందికి నొక్కి కూడబెట్టినది సాధారణంగా నిలుస్తుంది. కాబట్టి దాటే జంప్ ఎదురైనప్పుడు గైల్ సోనిక్ బూమ్‌ను కోల్పోయినా ఫ్లాష్ కిక్‌ను కోల్పోడు.

నడక కూడా రక్షణే. ప్రతి క్రాసప్‌కూ ఒక నిర్దిష్టమైన దూరం అవసరం. ప్రత్యర్థి గాల్లోకి లేచాక తన దారిని సాధారణంగా మార్చుకోలేడు. నేల మీద ఉన్నవాడు మార్చుకోగలడు. రెండడుగులు వెనక్కు వేస్తే వెనక తగలవలసిన దెబ్బ ముందుకు వస్తుంది. ముందుకు నడిచి అతడి కిందుగా అవతలికి వెళితే దాడి శూన్యంలో పోతుంది, దిగేచోట అతడు దొరుకుతాడు.

4.2 భ్రాంతి:

కొన్ని దాడులు ఒక వైపు నుంచి వస్తున్నట్లు నిస్సందేహంగా కనిపిస్తాయి, తగిలేది మాత్రం మరోవైపు. కాలు ముందువైపు కనిపిస్తున్నా ఎగిరినవాడి శరీరం అప్పటికే దాటి ఉండవచ్చు. బ్లాక్ దిశను సాధారణంగా నిర్ణయించేది పాత్ర నిలిచిన స్థానమే కాని, చాచిన కాలు కాదు. గాల్లో ఉండగా ర్యూ తిరుగుతన్నులు ప్రయోగిస్తే జంప్ మార్గమే మారుతుంది. దాటుతాడనుకున్నవాడు దాటకపోవచ్చు, దాటడనుకున్నవాడు దాటవచ్చు.

భ్రాంతి కలిగించే దాడికి ఒక బలహీనత ఉంది. ఒకే దూరం, ఒకే సమయం పాటిస్తే ఫలితం ప్రతిసారీ ఒకటే. కాబట్టి ఇది ఊహించవలసిన విషయం కాదు, నేర్చుకోవలసిన విషయం. ట్రైనింగ్ మోడ్‌లో ప్రత్యర్థి పాత్ర చేత ఆ దాడిని చేయించి రికార్డ్ చేసుకొని, మళ్లీమళ్లీ ఎదుర్కొంటే కన్ను కాలును వదిలి శరీర మధ్యభాగాన్ని చూడడం అలవాటు చేసుకుంటుంది. ఒకసారి నిజం తెలిశాక భ్రాంతి తొలగడం కావ్యంలోనే కాదు, ఇక్కడా జరుగుతుంది.

4.3 శుద్ధ సందేహం:

కిందపడిన ఆటగాడు లేచే తొలి ఫ్రేములోనే తగిలేలా, సరిగ్గా నడినెత్తిపై దిగేలా ప్రత్యర్థి జంప్ చేస్తే పరిస్థితి వేరు. పడి ఉన్నవాడు నడవలేడు. దిగేచోటులోని అతిస్వల్పమైన తేడా వైపును నిర్ణయిస్తుంది. ఇక్కడ చూపు పనిచేయదు, అభ్యాసం కూడా పూర్తిగా పనిచేయదు. మిగిలింది ఊహ. అయితే ఊహించడంలోనూ వివేకానికి చోటుంది.

5. ఊహ తప్పనప్పుడు – నష్టగణన:

2023లో విడుదలైన ‘స్ట్రీట్ ఫైటర్ 6’ను ఉదాహరణగా స్వీకరించవచ్చు. ఇందులో ర్యూ ప్రాణశక్తి 10,000. ఈ ఆటలోని ‘డ్రైవ్ ప్యారీ’ ఏ వైపు నుంచి వచ్చిన దెబ్బనైనా ఆపుతుంది. కాని అది డ్రైవ్ గేజ్ ఉన్నంతవరకే లభిస్తుంది. పైగా త్రోకు లొంగుతుంది, ఆ త్రో వల్ల కలిగే నష్టం మామూలు కంటే ఎక్కువ.

క్రాసప్ తగిలితే 2,500, ప్యారీ చేస్తుండగా త్రో తగిలితే 2,000 నష్టమని అనుకుందాం. ప్రత్యర్థి నాలుగింట మూడుసార్లు జంప్ దాడి, ఒకసారి ఖాళీ జంప్ తరువాత త్రో చేస్తాడని, వైపును ఊహించి బ్లాక్ చేసేవాడు సగం సార్లు తప్పుతాడని, త్రో నుంచి మాత్రం విడిపించుకుంటాడని భావిద్దాం. అప్పుడు బ్లాక్ చేసేవాడి సగటు నష్టం సుమారు 938, ప్యారీ చేసేవాడి నష్టం 500. ఈ స్థితిలో ప్యారీ మేలు. కాని ప్రత్యర్థి త్రోల నిష్పత్తి దాదాపు 38 శాతం దాటితే లెక్క తలకిందులవుతుంది. ఈ అంకెలు ఊహాత్మకాలే అయినా సూత్రం స్థిరమైనది: సరైన రక్షణ ఏదనేది ప్రత్యర్థి అలవాటును బట్టి మారుతుంది.

ఇంకొక దిశలోనూ ఈ గణన ఉపకరిస్తుంది. లేస్తూనే షోర్యూకెన్ ప్రయోగించడం సాహసంగా కనిపించినా, అది తప్పితే పడే శిక్ష క్రాసప్ నష్టం కంటే ఎక్కువ కావచ్చు. పైగా జాగ్రత్తగా లెక్కించి చేసిన జంప్‌లో దాడి చేసినవాడు ఆ ఎదురుదెబ్బ తగిలేలోపే నేలకు దిగి బ్లాక్ చేయగలడు. కాబట్టి ఒక్క క్రాసప్ బాధకు తొందరపడి పెద్ద పందెం కాయడం ఓటమికి దగ్గరి దారి.

6. న్యాయమా, ఊహా? – నిర్మాతల స్పందన:

రక్షించుకునేవాడికి ఊహ తప్ప మరో మార్గం లేని ఆట న్యాయమైనదేనా? ఈ ప్రశ్న ‘స్ట్రీట్ ఫైటర్ 4’ కాలంలో బలంగా ముందుకు వచ్చింది. అకుమా పాత్ర ప్రత్యర్థిని పడగొట్టి, వెంటనే పల్టీ కొడుతూ పైకి దూకేది. ఆ పల్టీ నుంచి తన్ను, అరచేతి దెబ్బ, పట్టు, కాళ్ల మీదికి జారడం వంటి వేర్వేరు దాడులు వచ్చేవి. ఒకసారి తగిలితే మళ్లీ పడిపోవడం, మళ్లీ అదే ప్రశ్న. ఆటగాళ్లు దీనికి ‘వోర్టెక్స్’ అని, అంటే సుడిగుండమని పేరు పెట్టారు.

2014లో వచ్చిన ‘అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4’లో నిర్మాతలు ఈ దాడులను తొలగించలేదు. దానికి బదులు పడినవాడు కొన్ని ఫ్రేములు ఆలస్యంగా లేచే వెసులుబాటు కల్పించారు. దీనితో ముందే లెక్కగట్టిన జంప్ సమయం తప్పే అవకాశం ఏర్పడింది. ఊహించవలసిన భారం ఒక్కరి మీది నుంచి ఇద్దరి మీదికీ వచ్చింది. సందిగ్ధతను నిర్మూలించకుండా పంచడం ఈ మార్పులోని విశేషం. పడినవాడికి లేచే సమయం మీద కొంత అధికారం ఉన్నప్పుడే ఊహ ఆటలో భాగమవుతుంది. లేకపోతే అది శిక్ష అవుతుంది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

• జంప్ దాడిలోని సందిగ్ధత బ్లాక్‌ను దిశతో ముడిపెట్టిన నియమం వల్ల ఏర్పడింది. ఆ నియమం తెలియనివారికి దెబ్బకు కారణం కూడా తెలియదు.

• నిశ్చయాంత సందేహానికి చూపు, నడక, సకాలంలో ఎదురుదాడి రక్షణలు. భ్రాంతికి అభ్యాసం రక్షణ. శుద్ధ సందేహానికి నష్టగణన, లేచే సమయాన్ని మార్చడం రక్షణలు.

• శుద్ధ సందేహం ఎక్కువగా పడిపోయిన తరువాతే ఎదురవుతుంది. కాబట్టి దానికి అసలైన విరుగుడు అంతకుముందే, పడిపోకుండా దూరాన్ని కాపాడుకోవడంలో ఉంది.

• చూసి స్పందించడానికి వీలులేని దాడికి ఓడిపోవడం చేతివేగం లోపం కాదు. ఈ భేదాన్ని మొదట్లోనే బోధిస్తే, తమకు చేతకాదని ఆటను వదిలేసే కొత్తవారిలో కొందరినైనా నిలుపుకోవచ్చు.

దెబ్బ తగిలిన ప్రతిసారీ ‘ఇది తీరే సందేహమా, తీరనిదా, లేక భ్రాంతియా?’ అని ప్రశ్నించుకోగలిగిన ఆటగాడు తన ఓటమి నుంచి నేర్చుకోగలుగుతాడు. ఈ రక్షణ విద్యకు ఆ ప్రశ్నే తొలిమెట్టు.