సప్పుడు పెరిగింది సరే.. గుంజుడు పెరిగిందా?

కొత్త బుల్లెట్ షోరూం నుంచి ఇంటికొచ్చి నెల తిరగకముందే సైలెన్సర్ మారుతుంది. రామన్నపేట నుంచి చిట్యాల పోయే తొవ్వల పొద్దుమీకి నిలబడుండ్రి, బండి కనిపించకముందే ఎవరిదో చెవులకు తెలుస్తది. పంజాబీ, ఇండోరీ, గోల్డ్‌స్టార్.. పేరేదైనా షాపాయన చెప్పే మాట ఒక్కటే: సప్పుడు మారుతది, పికప్ పెరుగుతది. మొదటిది నిజం. రెండోది చాలాసార్లు ఉత్త ముచ్చట.

ఎందుకో తెలవాలంటే ఇంజన్ల ఏమైతదో చూడాలె. ఇంజన్ నిమిషానికి 4000 సార్లు తిరుగుతుందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు సుట్లకు ఒకసారి పెట్రోల్ అంటుకుంటది, అంటే సెకనుకు 33 పేలుళ్లు. వాల్వు తెరుసుకోంగనే కాలిన గ్యాసు దెబ్బ కొట్టినట్టు పైపులకు దుంకుతది. ఆ దెబ్బ పైపు కొసకు పోయి, గుంజే అల లెక్క మారి ఎనుకకు తిరిగొస్తది. సరైన టైంకు వాల్వు కాడికి చేరిందా, లోపల మిగిలిన పొగను సుత ఈడ్సుకపోతది. అప్పుడు కొత్త గాలికి జాగ దొరుకుతది, పవర్ పెరుగుతది. టైం తప్పిందా, ఆ ఫాయిదా పోయినట్టే. కంపెనీ ఇంజనీర్లు పైపు పొడుగు, వెడల్పు లెక్కగట్టి పెట్టేది ఇందుకే.

'బ్యాక్ ప్రెషర్ లేకుంటే బండి గుంజదు' అంటరు కొందరు మెకానిక్‌లు. సగమే కరెక్టు. పొగకు అడ్డం పెడితే ఏ ఇంజన్‌కూ లాభం లేదు. కానీ పైపు మరీ వెడల్పు చేస్తే పొగ ఉరుకుడు తగ్గుతది, అల లెక్క తప్పుతది, తక్కువ ఆర్‌పీఎంల గుంజుడు పోతది. క్లాసిక్ 350 పవర్ 20.2 బీహెచ్‌పీ. దాని అసలు బలం 4000 ఆర్‌పీఎం కాడ వచ్చే 27 న్యూటన్ మీటర్ల టార్క్. నడుమ యూరియా బస్తా, ఎనుక దోస్తుతోని చేనుబాట ఎక్కేటోనికి కావాల్సింది గదే. పైసలిచ్చి గదే పోగొట్టుకుంటుండ్రు.

ఇంకోటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బండ్లన్నీ బీఎస్6. పైపుల ఆక్సిజన్ సెన్సర్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటయి. పెట్రోల్ ఎంత పోయాల్నో ఈసీయూ లెక్క చూసుకుంటది. పైపు మార్చి లెక్క మార్చకుంటే పెట్రోల్, గాలి పాళ్లు తప్పుతయి. బండి ఝట్కాలు కొడుతది, వేడెక్కుతది. యాక్సిలరేటర్ ఇడిస్తే వచ్చే ఢాం ఢాం పవర్ కాదు, కాలని పెట్రోల్ వేడి పైపుల అంటుకునే సప్పుడు.

నిజంగ పవర్ కావాలంటే బెండ్ పైపు, సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, ఈసీయూ ట్యూనింగ్ కలిపి చెయ్యాలె, డైనో మీద కొలవాలె. గింత చేసినా చిన్న ఇంజన్‌కు వచ్చేది కొద్దిగనే. టర్బో కార్లకు జర ఎక్కువ ఫాయిదా, టర్బో ఎనుక ఒత్తిడి తగ్గితే అది తొందరగ తిరుగుతది. అట్లాంటి బండ్లకు జాగ రేస్ ట్రాక్. సప్పుడే పవరైతే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ కాడ ఉరికిన ఫార్ములా-ఈ కార్లను ఏమనాలె? ఒక్కోటి 350 కిలోవాట్లు, మన బుల్లెట్‌కు ఇరువై రెట్లకంటే ఎక్కువ. సైలెన్సరే లేదు!

ఇగ కానూన్ సంగతి. 175 సీసీ దాటిన బైకు తయారీ టెస్టుల 80 డెసిబెల్స్ మించొద్దు. ఇండ్ల నడుమ ఉండాల్సిన హద్దు పగలు 55, రాత్రి 45. పది డెసిబెల్స్ పెరిగితే సప్పుడు శక్తి పది రెట్లయినట్టు లెక్క. సిరిపురంల, వెల్లంకిల పొద్దంత మగ్గం నేసి నడుం వాల్చినోళ్ల గోడ అవతలనే మన ఫైరింగ్. మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పైంగ మూడు నెలలు లైసెన్స్ చెల్లదు. డీసీఎం, ఆటో నడిపి బతికేటోనికి జరిమానా కంటే ఇదే పెద్ద దెబ్బ. పోలీసులు సైలెన్సర్లు ఊడవీకి రోడ్డు రోలర్ కింద తొక్కిచ్చుడు వీడియోలల్ల చూస్తనే ఉన్నరు కదా.

అయినా మారుస్త అంటే పాత సైలెన్సర్, బెండ్ పైపు షాపుల ఇడిచిపెట్టి రాకుండ్రి. క్యాటలిటిక్ కన్వర్టర్ కొన్ని బండ్లల్ల సైలెన్సర్‌ల, కొన్నిట్ల బెండ్ పైపుల ఉంటది. దాంట్ల ప్లాటినం, పల్లాడియం, రోడియం అసొంటి ఖరీదైన లోహాలుంటయి. 'పాతది మాకిచ్చెయ్, రెండొందలు తగ్గిస్త' అన్నాయన ఊకె అనడు.

పికప్ పెరుగుతదని ఎవలన్నా చెప్తే ఒక పని చెయ్యుండ్రి. ఖాళీ రోడ్డు చూసి, మూడో గేర్‌ల 30 నుంచి 60 స్పీడుకు ఎన్ని సెకన్లు పడుతుందో ఎనుక కూసున్న దోస్తును ఫోన్‌ల కొలవమనుండ్రి. సైలెన్సర్ మార్చినంక అదే రోడ్డు మీద, అదే దోస్తుతోని మల్ల కొలిచి, షాపాయనకు పైసలు ఆ తర్వాత ఇయ్యుండ్రి.