ఇంటిగోడయు విద్యుత్తుకారును

రామగుండమునందలి ఎన్.టి.పి.సి. కేంద్రము 1983 మొదలు సింగరేణి బొగ్గుతో విద్యుత్తును పుట్టించుచున్నది. దానికి కొలది మైళ్ల దూరముననే, రాజీవ రహదారిపై మన బసంత్‌నగరు కలదు. ఇంత విద్యుత్తు చెంతనుండియు, విద్యుత్తుకారు కొనదలచిన గృహిణి ముందుగా తన యింటిగోడను చూచుకొనవలసియున్నది.

ఈ కారునకు పెట్రోలు బంకుతో పనిలేదు. రాత్రి భోజనములైన పిదప 16 ఆంపియర్ల ప్లగ్గునకు తగిలించినచో గంటకు సుమారు 3 యూనిట్ల చొప్పున పుచ్చుకొనును. 24 యూనిట్లు పట్టు చిన్నకారు తెల్లవారుసరికి నిండును. అయితే వంటింటి గ్రైండరునకు వాడు సన్నని తీగ ఇన్ని గంటలపాటు ఆ భారమును మోయలేదు, కాగి కరగును. కావున మీటరునుండి వేఱుగా లావుపాటి తీగయు, సరియైన ఎర్తును, ప్రమాదవేళ ప్రవాహమును తెగగొట్టు సాధనమును ఉండవలెను.

స్వంతయిల్లును వాకిలియు గలవారికి ఇది ఎలక్ట్రీషియనుతో ఒకపూట పని. అద్దెయింటివారి మాట వేఱు. గోడకు మేకు కొట్టినంతనే మోము ముడుచుకొను యజమాని క్రొత్త తీగకు ఒప్పుకొనునా? ఒప్పుకొన్నను, ఇల్లు మారునాడు ఆ ఖర్చెవరిది? ఒకే మీటరుపై రెండు కాపురములున్నచోట బిల్లు పంపకము తగవులకు మూలమగును. వాడుక హెచ్చినకొలది యూనిటు ధరయు హెచ్చునుగదా.

ఇచటి సిమెంటు కర్మాగారపు క్వార్టర్లలోను, గోదావరిఖని కొలియరీ క్వార్టర్లలోను ఉన్న తల్లుల చిక్కు మఱియొకటి. ఇల్లు సంస్థది, ఉద్యోగము ముగిసిననాడు తాళము అప్పగింపవలసినదే. మేడమీది కాపురమైనచో కారు క్రింద, ప్లగ్గు పైన. కిటికీనుండి తీగను వ్రేలాడదీసి, బిడ్డలాడుకొనుచోట వానలో పరచుటకు మేము ఒప్పుకొనము. మగవారు తొందరపడినను, సోదరీమణులారా, మీరు వలదనుడు.

కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో సవరించిన నియమముల ప్రకారము వినియోగదారులు కారుకై వేఱు కనెక్షను కోరవచ్చును. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో ఈ కార్లకు రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మాఫీ చేసెను. మంచిదే గాని, మేడమీది యిల్లాలికి ఇందువలన ప్లగ్గు రాలేదు. క్వార్టర్ల వరుసకు నాలుగేసి ప్లగ్గులు క్రిందనే పెట్టించి, ఒక్కొక్కదానికి మీటరు బిగించి, వాడినవారే చెల్లించునట్లు సంస్థలు ఏర్పాటు చేయవలెను. మహిళామండలులవారు ఈ మేరకు అర్జీలు పంపుదురుగాక. అంతవరకు, బయానా ఇచ్చుటకు ముందు, కారు నిలుచు చోటునుండి మీటరువరకు ఎన్ని గజములో ఒక తాడుతో కొలిచి చూచుకొనుడు.