స్కిజోఫ్రెనియా – వంశపారంపర్యం

“వారి వంశంలో పిచ్చి ఉన్నదట” అన్న ఒక్క మాటతో కుదిరిన పెండ్లి సంబంధాలు తప్పిపోవడం మనలో కద్దు. కువైత్‌కు వచ్చినా ఈ ఆరా మనల్ని వదలలేదు. ఈ భయంలో నిజమెంత?

స్కిజోఫ్రెనియా జీవితకాలంలో నూటికి ఇంచుమించు ఒకరికి వస్తుంది. తోబుట్టువుకు ఉన్నచో ఆ అవకాశం నూటికి 9 వరకు పెరుగుతుంది. అనగా 90 మందికి పైగా రాదు. ఒకే అండం నుండి జన్మించిన కవలలలో ఒకరికి వచ్చినా, సగానికి పైగా సందర్భాలలో రెండవవారికి రాదు. జన్యువులు మాత్రం ఇద్దరివీ ఒక్కటే!

ఇక్కడి ప్రభుత్వం 2008లో చేసిన 31వ చట్టం వివాహానికి ముందు వైద్యపరీక్షను తప్పనిసరి చేసింది. తలసీమియా వంటి రక్తవ్యాధులు అందులో బయటపడతాయి. ఒక్క జన్యువులోని లోపమే వాటికి మూలం. స్కిజోఫ్రెనియా అట్లు రసాయనశాలలో చుక్క వేయగానే రంగు మారినట్లు తేలే వ్యవహారం కాదు. 2022లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన పరిశోధన 76,755 మంది రోగుల జన్యువులను పరిశీలించి, క్రోమోజోములపై 287 చోట్లను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం అత్యల్పం. 22వ క్రోమోజోములో ఒక చిన్న భాగం లోపించినవారిలో మాత్రం సుమారు నాల్గవవంతు మందికి ఈ వ్యాధి వస్తుంది, అట్టివారు అరుదు.

గంజాయి సేవనం, కాన్పు సమయంలో శిశువుకు ప్రాణవాయువు కొరవడడం, మనవంటి వారి వలస జీవనం కూడా ప్రమాదాన్ని కొంత పెంచేవే. సంబంధాల భయంతో దాచిన కొద్దీ చికిత్స ఆలస్యమవుతుంది. ఆలస్యమైన కొద్దీ రోగి కోలుకోవడం కష్టమవుతుంది.